అబ్సల్యూట్ బ్యాట్‌మ్యాన్: బేన్ కథ దగ్గర నాకు విసుగొచ్చింది, మీకు?

పెన్నాగట్టు (నెల్లూరు) | బుధవారం రాత్రి 10:40

మూడు రోజులుగా కడుపులో పెట్టుకుని తిరుగుతున్నా, ఇక ఇక్కడ కక్కేస్తున్నా. తిట్టదలుచుకున్నవాళ్లు చివరిదాకా చదివి తిట్టండి.

నేను సైట్ ఇంజనీర్‌ని. పగలంతా కంకర లోడ్లు, బిల్లు పాసవలేదని నా మీద విరుచుకుపడే మేస్త్రీలు. రాత్రి అన్నం తిని, పిల్లలు పడుకున్నాక టాబ్‌లో ఒక కామిక్. అదే నా సినిమా, అదే నా సీరియల్. అందుకే 2024 అక్టోబర్‌లో అబ్సల్యూట్ బ్యాట్‌మ్యాన్ (డీసీ వాళ్లు వేరే లోకంలో మొదటినుంచి కొత్తగా చెబుతున్న బ్యాట్‌మ్యాన్ కథ) మొదటి ఇష్యూ చదివినప్పుడు ఎగిరి గంతేశాను. అందులో బ్రూస్ వేన్‌కి బంగళా లేదు, ఆస్తి లేదు, బట్లర్ లేడు. సివిల్ ఇంజనీర్! 1939 నుంచి కోటీశ్వరుడిగా తిరిగిన మనిషిని తెచ్చి మా బాపతులో కలిపేశారు. నగరం కింద ఏ గొట్టం ఎటు పోతుందో, ఏ గోడ బరువు మోస్తుందో తెలిసిన బ్యాట్‌మ్యాన్ ఎలా కొట్లాడతాడో నాకు బాగా అర్థమైంది.

డబ్బు తీసెయ్యడం ఎవరికైనా తట్టే ఆలోచనే. రచయిత స్కాట్ స్నైడర్ తెలివి ఇంకోచోట ఉంది: అమ్మని బతికించాడు. నాన్న థామస్ బడిపంతులు, పిల్లల్ని జూకి తీసుకెళ్లినప్పుడు కాల్పుల్లో పోయాడు. అమ్మ మార్తా ఉంది, మేయర్ ఆఫీసులో పనిచేస్తుంది. అంటే ఈ బ్యాట్‌మ్యాన్ రాత్రంతా గూండాలతో కొట్లాడి ఒళ్లు హూనం చేసుకుని వచ్చి, పొద్దున్నే అమ్మకి మొహం చూపించాలి. పాత బ్యాట్‌మ్యాన్‌కి ఈ బాధ ఎప్పుడుంది?

స్నేహితులూ అంతే. ఓస్వాల్డ్, హార్వీ, ఎడ్డీ, వేలన్. పాత కథల్లో వీళ్లే బ్యాట్‌మ్యాన్ విలన్లు: పెంగ్విన్, టూ-ఫేస్, రిడ్లర్, కిల్లర్ క్రాక్. ఇక్కడ చిన్నప్పటి నేస్తాలు, కూర్చుని పేకాడుకుంటారు. ఆ పేకాట పేజీ చూస్తే మా మూలాపేటలో తాతయ్య వాళ్ల అరుగు గుర్తొచ్చింది.

మొదటి ఆరు ఇష్యూలకి పదికి పది. నిక్ డ్రగోటా బొమ్మల్లో బ్యాట్‌మ్యాన్ తలుపు పట్టనంత ఉంటాడు, ఛాతీ మీది గబ్బిలం గుర్తు ఊడదీస్తే గొడ్డలి అవుతుంది. 7, 8ల్లో మార్కోస్ మార్టిన్ గీసిన మిస్టర్ ఫ్రీజ్ కథ కూడా బాగుంది.

9వ ఇష్యూ నుంచి బేన్ దిగాడు. దిగనీ. 1993లో బ్యాట్‌మ్యాన్ వెన్ను విరిచినవాడు, వాడి పనే అది. బ్రూస్‌ని ఆర్క్ ఎమ్ అనే జైల్లో పడేసి నలగ్గొడితే భరించాను. తర్వాత నేస్తాల మీద పడ్డారు. వేలన్‌ని మొసలిమనిషిగా మార్చారు. మిగతావాళ్లనీ వదల్లేదు. వాళ్లని పేకాట బల్ల దగ్గర నాకు అంత ప్రేమగా పరిచయం చేసింది ఇందుకా? జాతరకి కొయ్యడానికి పొట్టేలును మేపినట్టుంది.

ఇదే రోజుల్లో, 2025 సెప్టెంబర్‌లో, మామూలు బ్యాట్‌మ్యాన్ మళ్లీ 1వ నంబరుతో మొదలైంది. రచన మాట్ ఫ్రాక్షన్, బొమ్మలు హోర్హే హిమెనెజ్. దుస్తులు మళ్లీ నీలం, బూడిద రంగుకొచ్చాయి. అందులోనూ కిల్లర్ క్రాకే! అయితే అక్కడ బ్యాట్‌మ్యాన్ అతన్ని వెతికి పట్టుకున్నాక ఏం జరుగుతుందో నేను చెబితే రుచి పోతుంది. నాకు మాత్రం కళ్లు చెమర్చాయి. ఒకే పాత్ర, ఒకే కంపెనీ, ఒకే ఏడాది. ఒకచోట మనిషిగా చూశారు, ఇంకోచోట మాంసంగా చూశారు.

నాకొక్కడికే ఇలా అనిపించిందా?

---

కారందోసె (నెల్లూరు) | బుధవారం రాత్రి 10:58

అన్నా, నువ్వు ముసలోడివైపోతున్నావు 😄 బేన్ కథ అదిరిపోయింది. అంత పెద్ద విలన్‌ని చూసి ఎన్నేళ్లయింది! ఒక్కో పేజీ తిప్పుతుంటే చేతులు వణికాయి. అదే కదా కావాల్సింది. సెంటిమెంట్ కావాలంటే రాత్రి ఎనిమిదింటికి టీవీ పెట్టుకో.

---

వేదిక కాపలా | బుధవారం రాత్రి 11:05

గమనిక: 6వ ఇష్యూ దాటిన విషయాలు రాసేవాళ్లు పైన ఒక మాట చెప్పి రాయండి. పెన్నాగట్టు గారూ, మీరు చెప్పకుండానే సగం బేన్ కథ రాసేశారు. ఈసారికి వదిలేస్తున్నా.

---

గెలాక్సీరాయి (చీమకుర్తి) | గురువారం ఉదయం 6:20

(అబ్సల్యూట్ సూపర్‌మ్యాన్ మొదటి ఇష్యూల విషయాలున్నాయి.)

పెన్నాగట్టు అన్నా, నీ బాధ అర్థమైంది కానీ సగమే ఒప్పుకుంటా.

మా నాన్న ఇరవై ఆరేళ్లు గ్రానైట్ క్వారీలో పనిచేశాడు. మా ఊరి రాయి తెలుసుగా, నల్లటి రాయిలో బంగారు చుక్కలు, బ్లాక్ గెలాక్సీ. దేశదేశాలకి పోతుంది. ఎయిర్‌పోర్టుల్లో, పెద్ద హోటళ్లలో నేల మీద దాన్ని చూసినప్పుడల్లా నాకు మా నాన్న దగ్గు వినిపిస్తుంది. ఇప్పుడు ఇంట్లోనే ఉంటాడు, మెట్లెక్కితే ఆయాసం.

అందుకని నాకు ఈ అబ్సల్యూట్ కథల్లో అబ్సల్యూట్ సూపర్‌మ్యానే పెద్దది. జేసన్ ఆరన్ రాశాడు, రఫా సందోవాల్ బొమ్మలు, 2024 నవంబర్‌లో మొదలైంది. పాత సూపర్‌మ్యాన్ పసిబిడ్డగా భూమికొచ్చి, పొలంలో మంచి అమ్మానాన్నల దగ్గర పెరిగాడు. వీడు పుట్టిన గ్రహం క్రిప్టాన్‌లోనే పెరిగాడు. అక్కడ వీళ్లది కూలి వర్గం. ఛాతీ మీద ఎస్ గుర్తు ఉంది చూశావా, అది రాజముద్ర కాదన్నా, ఆ కూలి వర్గానికి వేసే గుర్తు. ఆ పేజీ దగ్గర పుస్తకం పక్కన పెట్టి బయటికెళ్లి కాసేపు నిలబడ్డా. 1938 నుంచి ఆ గుర్తును పిల్లల బనియన్ల మీద చూస్తూనే ఉన్నాం. దానికి ఇలాంటి అర్థం ఇవ్వొచ్చని ఇన్నాళ్లూ ఎవరికీ తట్టలేదే!

భూమికొచ్చాక వాడు బ్రెజిల్ గనుల్లో కూలీల మధ్య ఉంటాడు. లాజరస్ అనే కంపెనీ వాళ్ల రక్తం పీలుస్తుంటుంది. కేప్ కూడా గుడ్డలా కనపడదు, ఎర్రటి దుమ్ము లేచినట్టుంటుంది. క్వారీ పక్కన పెరిగినవాడికి ఆ దుమ్ము గురించి వివరించక్కర్లేదు.

ఇప్పుడు నీ పాయింటుకొస్తా. నేస్తాల ఒళ్లు చిద్రం చేశారని నువ్వు బాధపడ్డావు. మా దగ్గర బ్లాకు జారి కాలు పోయినవాళ్లు, వేళ్లు పోయినవాళ్లు ఉన్నారు. ఇందులో విలన్ మొహం ఎవరికీ కనపడదు, ఒళ్లు మాత్రం పోతుంది. బలమున్నవాడు బలం లేనివాడిని ఏం చెయ్యగలడో కామిక్‌లో చూపించారంటే నాకు తప్పుగా అనిపించలేదు.

అన్నట్టు అబ్సల్యూట్ బ్యాట్‌మ్యాన్ బండి చూసి ఎంత నవ్వుకున్నానో! బ్యాట్‌మొబైల్ అంటూ అంతెత్తు డంపర్. మా క్వారీ డ్రైవర్లకి ఫోన్లో చూపించా. "ఇదేంది అబ్బయ్యా, దీనికి రివర్సు ఎట్ట వేస్తాడు?" అన్నారు.

---

పెన్నాగట్టు | గురువారం ఉదయం 7:02

గెలాక్సీ తమ్ముడూ, పొద్దున్నే ఇలా రాస్తే ఎలా? కాఫీ చల్లారిపోయింది. నాన్నగారు జాగ్రత్త.

ఒళ్లు పోవడం నిజమే. నేనూ సైట్లో చూశాను, పరంజా మీద నుంచి పడ్డ మనిషిని నేనే ఆటోలో వేసుకెళ్లాను. అయితే ఆ మనిషి నెలల తరబడి ఇంట్లో ఎలా కూర్చున్నాడు, ఆయన భార్య ఏం చేసింది, నేను పలకరించడానికెళితే ఏం మాట్లాడాలో తెలియక గోడవైపు చూసిన సంగతి, ఇదంతా కూడా ఉంటుంది కదా. నాకు అది కావాలి. బేన్ కథలో దెబ్బ తగలడం ఒక పేజీ నిండా గీశారు. తర్వాతది చూపించే తీరిక ఎవరికీ లేదు, వెంటనే ఇంకో ఫైటు.

---

కొత్తగా వచ్చా (కావలి) | గురువారం ఉదయం 9:15

నమస్తే అందరికీ. డిగ్రీ రెండో సంవత్సరం. సినిమాలన్నీ చూశాను కానీ కామిక్స్ ఒక్కటి కూడా చదవలేదు. అబ్సల్యూట్ అంటే ఏంటి, అల్టిమేట్ అంటే ఏంటి? బ్యాట్‌మ్యాన్లు ఇద్దరున్నారా? ఎక్కడ మొదలుపెట్టాలి? తెలుగులో ఉన్నాయా?

---

మైపాడు అల (నెల్లూరు, ఉద్యోగం చెన్నైలో) | గురువారం మధ్యాహ్నం 1:30

కావలి తమ్ముడికి ముందు జవాబు. ప్రతి కంపెనీకీ ఒక అసలు కథాలోకం ఉంటుంది. దశాబ్దాలుగా నడుస్తుంటుంది, చుట్టరికాలన్నీ తెలియకపోతే పెళ్లింట్లో కొత్త కోడలిలా బిక్కుబిక్కుమంటాం. అందుకని వేరే లోకం ఒకటి పెట్టి మొదటినుంచి చెబుతారు. డీసీ వాళ్లది అబ్సల్యూట్, మార్వెల్ వాళ్లది అల్టిమేట్. పాతవి చదవక్కర్లేదు. అసలు బ్యాట్‌మ్యాన్ అటు నడుస్తూనే ఉంటాడు, కాబట్టి ఇద్దరే. తెలుగులో మాత్రం రావట్లేదు, ఇంగ్లీషులోనే చదవాలి. బొమ్మలే సగం చెబుతాయి, భయపడకు.

ఇక ఇందాకటి నుంచి చూస్తున్నా, అన్నలందరూ బ్యాట్‌మ్యాన్, సూపర్‌మ్యాన్ అంటున్నారు. అబ్సల్యూట్ వండర్ ఉమన్ అనేది ఒకటుంది, కనపడిందా? 2025లో కామిక్స్‌కి ఇచ్చే ఐస్నర్ అవార్డుల్లో ఉత్తమ కొత్త సిరీస్ దానికే ఇచ్చారు. కెల్లీ థాంప్సన్ రచన, హేడెన్ షెర్మన్ బొమ్మలు.

(మొదటి కథ విషయాలు కొన్ని చెబుతున్నా.)

మామూలు వండర్ ఉమన్ డయానాది స్వర్గం లాంటి ద్వీపం, రాణి అయిన తల్లి, చుట్టూ అక్కాచెల్లెళ్లు. ఈమెకి అవేమీ లేవు. పసిపిల్లను తీసుకొచ్చి నరకంలో సర్సీ అనే మంత్రగత్తె చేతిలో పెడతారు. సర్సీకి పిల్ల అక్కర్లేదు. తర్వాత ఇష్యూల్లో ఆ అక్కర్లేని పిల్ల ఆమెకి ఎలా కూతురవుతుందో రాసిన తీరు ఉంది చూడండి... పెంపుడు తల్లి కథలు మనం చాలా చదివాం, కానీ నరకంలో కూర్చుని పాముల్ని, పురుగుల్ని చూసి ముచ్చటపడే పాపని ఎవరూ రాయలేదు. ఆ పిల్లకి అదే ఇల్లు. అందుకే పెద్దయ్యాక ఎంత భయంకరమైన రాక్షసుడు ఎదురొచ్చినా అసహ్యం ఉండదు, ముందు మాట్లాడి చూస్తుంది. అస్థిపంజరం లాంటి రెక్కల గుర్రం పెగాసస్ ఎక్కి, మనిషంత కత్తి పట్టుకుని వస్తుంది, మొహంలో మాత్రం దయ.

పెన్నాగట్టు గారు అడిగింది ఇక్కడుంది. డయానా ఒకరిని నరకం నుంచి బయటికి పంపడానికి తన చెయ్యి ఇచ్చేస్తుంది. దెబ్బలాటలో పోలేదు, తనే ఇచ్చింది. తర్వాత ప్రతి ఇష్యూలో ఆ చెయ్యి లేదన్న సంగతి కనపడుతూనే ఉంటుంది. ఒంటికి జరిగింది కథ మర్చిపోకపోతే హింస ఎంతున్నా నేను చదువుతాను.

ఒక్క ఫిర్యాదు. షెర్మన్ పేజీ అమరిక చాలా వింతగా ఉంటుంది. గడులు గుండ్రంగా, పక్కకి, కిందికి పోతాయి. లోకల్ ట్రైన్లో ఫోన్ మీద చదివితే ఏ గడి తర్వాత ఏదో తెలియక పిచ్చెక్కింది. పుస్తకం కొన్నాక అర్థమైంది.

---

ఒంగోలుగిత్త (ఒంగోలు) | గురువారం మధ్యాహ్నం 2:10

పెళ్లాం పిల్లలున్న మనుషులు బొమ్మల పుస్తకాలకి ఏడవడం ఏంది సామీ. పొగాకు రేటు పడిపోయి మేము ఏడుస్తుంటే.

---

మైపాడు అల | గురువారం మధ్యాహ్నం 2:14

పొగాకుకి మీరు ఏడవండి, మేము వద్దన్నామా? 🙂 రెండింటికీ కన్నీళ్లు సరిపోతాయి.

---

పలక బలపం (మార్కాపురం) | గురువారం రాత్రి 8:45

అందరికీ నమస్కారం. రిటైరైన ఉపాధ్యాయుణ్ణి. ఈ వేదికలో నా వయసువాళ్లు ఉన్నారో లేదో తెలియదు.

నా చిన్నతనంలో మద్రాసు వెళ్లడమంటే సెంట్రల్ పక్కన మూర్ మార్కెట్‌కి వెళ్లడమే. పాత పుస్తకాల గుట్టల్లో అట్టలు లేని ఇంగ్లీషు కామిక్స్ దొరికేవి. సూపర్‌మ్యాన్ కథ మొదటి సగం ఒకచోట, రెండో సగం ఎప్పటికీ దొరకదు. రెండో సగం నేనే అల్లి ఇంటికొచ్చి తమ్ముళ్లకి చెప్పేవాణ్ణి. ఆ భవనం 1985లో తగలబడిందని పేపర్లో చూసినప్పుడు దొరకని ఆ సగాలన్నీ అందులోనే ఉన్నాయనిపించింది. ఆ తర్వాత పక్కనే కట్టిన దుకాణాలకీ వెళ్లాను గానీ ఆ రుచి లేదు.

ఇంట్లో మాత్రం చందమామే. 1947 జులైలో మొదటి సంచిక. మా నాన్నగారు దాచినవి చెదలు తినగా కొన్ని ఇంకా ఉన్నాయి. మీ చర్చ చదువుతుంటే నాకు విక్రమార్కుడు గుర్తొచ్చాడు. పట్టువదలని విక్రమార్కుడు చెట్టు దగ్గరికి వెళతాడు, శవాన్ని భుజాన వేసుకుంటాడు, బేతాళుడు కథ చెబుతాడు, రాజు నోరు తెరుస్తాడు, శవం మళ్లీ చెట్టెక్కుతుంది. నెలనెలా ఇంతే. శంకర్ గీసిన ఆ బొమ్మ, కత్తి చేతిలో, శవం భుజాన, కళ్లు మూస్తే ఇప్పటికీ కనపడుతుంది. మీ బ్యాట్‌మ్యాన్ కూడా అంతే కదా. జోకర్‌ని పట్టుకుంటాడు, ఆసుపత్రిలో వేస్తాడు, వాడు మళ్లీ చెట్టెక్కుతాడు.

విక్రమార్కుడికీ ఈయనకీ తేడా ఒకటుంది. చందమామలో రాజు అలిసిపోయినట్టు ఎప్పుడూ చూపించలేదు. చివర్లో "రాజుకు ఈ విధంగా మౌనభంగం కలగగానే" అన్న వాక్యం రాగానే మాకు ఊరటగా ఉండేది, వచ్చే నెల మళ్లీ ఉంటుందని. ఇప్పటి రచయితలు ఆ అలసటనే కథ చేస్తున్నారు. మా మనవడు టాబ్‌లో అబ్సల్యూట్ మార్షియన్ మ్యాన్‌హంటర్ చూపించాడు. డెనిజ్ క్యాంప్ రచన, హవియెర్ రోడ్రిగెజ్ బొమ్మలు. బాంబు పేలుడు నుంచి బతికి బయటపడ్డ ఒక ఎఫ్‌బీఐ మనిషి బుర్రలో మార్షియన్, అంటే అంగారకుడి మీది జీవి, చేరతాడు. అప్పటినుంచి ఎదుటివాళ్ల ఆలోచనలు ఆయనకి రంగు పొగల్లా కనపడతాయి. ఇంట్లో భార్య మౌనంగా ఉంటుంది, ఆ మౌనానికీ ఒక రంగు. నలభై ఏళ్లు తరగతి గదిలో నిలబడిన నాకు ఈ ఆలోచన కొత్తది కాదు. ఏ పిల్లవాడి తల మీద ఏ రంగు పొగ ఉందో పలక ఎత్తి చూపించేటప్పుడే తెలిసేది.

పెన్నాగట్టు గారూ, మీకు విసుగు రావడం తప్పు కాదు. అయితే నెలనెలా చదివేవాడికి సాగదీతలా అనిపించింది, అంతా ఒక్కసారి చదివితే వేరుగా ఉంటుందేమో.

---

కారందోసె | గురువారం రాత్రి 9:30

మాస్టారూ, మీ పోస్టు మా అమ్మకి చదివి వినిపించా. చందమామ దగ్గర "అవునవును" అంది, మార్షియన్ దగ్గర లేచి వంటింట్లోకి పోయింది.

నిన్న అన్నని ఆటపట్టించా కానీ సీరియస్‌గా ఒకటి చెప్పాలి. నేను మార్వెల్ మనిషిని. జొనాథన్ హిక్‌మన్ రాసిన అల్టిమేట్ స్పైడర్‌మ్యాన్ (2024 జనవరి నుంచి) చదవనివాళ్లు ఉంటే వెంటనే చదవండి. బొమ్మలు మార్కో చెకెట్టో. అసలు కథలో పీటర్‌ని పదిహేనేళ్లకే సాలీడు కుడుతుంది. బెన్ బాబాయి పోతాడు, జీవితాంతం ఆ అపరాధభావం. ఇందులో ఒక దుర్మార్గుడు కాలాన్ని మెలిపెట్టి ఆ సాలీడు కుట్టకుండా చేశాడు. దాంతో పీటర్ మామూలుగా పెరిగాడు. ఉద్యోగం, ఎమ్‌జేతో పెళ్లి, ఇద్దరు పిల్లలు, కొంచెం గడ్డం. బెన్ బతికే ఉన్నాడు, మే పిన్ని పోయింది. అంతా బాగానే ఉంది కానీ మనిషిలో ఏదో వెలితి. ముప్పై దాటాక అప్పుడు సాలీడు చేతికొస్తుంది. కుట్టించుకుంటావా, వద్దా?

ఆ ప్రశ్న మా మామయ్యది. ఆయన బ్యాంకులో చేస్తాడు, నలభై రెండేళ్లు, చిన్నప్పుడు మైపాడు బీచ్‌లో ఈత పోటీల్లో ఫస్టట. ఇప్పుడు ఆ మాటెత్తితే నవ్వి ఊరుకుంటాడు.

ఈ సిరీస్‌లో ఒక ఇష్యూకి ఇంకో ఇష్యూకి కథలో కూడా నెల గడుస్తుంది. మనతోపాటే వాళ్లకీ వయసవుతుంది. 4వ ఇష్యూ మొత్తం రెండు జంటలు హోటల్లో భోంచేస్తూ మాట్లాడుకోవడమే! పీటర్, ఎమ్‌జే ఒకవైపు, హ్యారీ, గ్వెన్ ఇంకోవైపు. ఒక్క గుద్దు లేదు. మొదటిసారి చదివి డబ్బులు దండగ అనుకున్నా. ఇప్పుడు నాకు అన్నిట్లో బాగా గుర్తున్నది అదే ఇష్యూ. (ఇది ఒప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, నిన్న సెంటిమెంట్ అని ఎగతాళి చేసింది నేనే.)

24వ ఇష్యూతో ఈ కథ ముగింపు. అందరూ అయ్యో అంటున్నారు, నేను మాత్రం హమ్మయ్య అన్నా. బాగున్నప్పుడే ఆపేస్తే మంచిది. మీ అబ్సల్యూట్ ఇలాగే అమ్ముడవుతుంటే ఎవడు ఆపుతాడు? జోకర్ మళ్లీ చెట్టెక్కుతాడు.

---

గెలాక్సీరాయి | గురువారం రాత్రి 10:05

అయితే చివరి ఆరేడు ఇష్యూలు కొంచెం ఉరుకులు పెట్టించారు, ఒప్పుకో. పిల్లల పాత్రలకి చోటే దొరకలేదు.

---

కారందోసె | గురువారం రాత్రి 10:07

ఒప్పుకుంటా. గట్టిగా అనకు.

---

పెన్నాగట్టు | గురువారం రాత్రి 11:20

మాస్టారూ, మీరన్నట్టు చేశాను. సాయంత్రం పని ముగించుకొచ్చి 9 నుంచి బేన్ కథంతా కూర్చున్న చోటు కదలకుండా చదివాను. ఇంట్లో "ఆ టాబ్ ఏదో గోడకి మేకు కొట్టి తగిలించుకోండి" అన్న మాట కూడా పడింది.

(బేన్ కథ విషయాలున్నాయి. కాపలా గారూ, ఈసారి చెప్పాను.)

కొంత మారింది. నెలకొకటి చదివినప్పుడు హింస ఒక్కటే నెలంతా మనసులో కూర్చుంది. వరసగా చదివితే బేన్‌కి కూడా ఒక కథ ఉంది, వాడూ ఒకడి చేతిలో పనిముట్టే అని తెలిసింది. డ్రగోటా బొమ్మల్లో వాడి ఆకారం పేజీ పేజీకి పెరుగుతూ గడుల అంచులు దాటుతుంది, అది నేను మొదట గమనించలేదు. ఫ్రాంక్ మార్టిన్ రంగులు కూడా మారుతూ పోతాయి.

అయినా నా మొండిపట్టు నాకుంది. మార్తా ఏమైంది? అమ్మ బతికి ఉండటమే ఈ కథకి ప్రాణమని నేను మొదట రాశాను. మధ్యలో ఆమెని దాదాపు మర్చిపోయారు. కొడుకు నెలల తరబడి కనపడకపోతే తల్లి ఏం చేస్తుంది? 2021 నవంబర్‌లో పెన్నా వరదకి పడుగుపాడు దగ్గర రైలు కట్ట కోసుకుపోయి, రోడ్డు కూడా తెగినప్పుడు నేను సైట్లో ఇరుక్కుపోయాను. ఒక్క రాత్రి ఫోన్ కలవలేదు. మా అమ్మ తెల్లారేసరికి ముగ్గురు బంధువుల్ని, ఇద్దరు లారీ డ్రైవర్లని, నా పాత స్నేహితుడి మామగారిని నిద్రలేపింది. ఒక్క రాత్రికే! మార్తా వేన్ ఆర్క్ ఎమ్ గోడల దాకా వచ్చి ఉండాలి. ఆ ఇష్యూ ఎవరైనా రాస్తే 4.99 డాలర్లు, మన లెక్కలో నాలుగొందల పైనే, కళ్లు మూసుకుని ఇస్తాను.

---

మైపాడు అల | శుక్రవారం ఉదయం 8:10

ఆ మామగారి ముక్క చదివి బస్సులో గట్టిగా నవ్వాను, పక్కావిడ జరిగి కూర్చుంది. మార్తా సంగతిలో మీతోనే ఉన్నా.

మీరు 2025లో వచ్చిన బ్యాట్‌మ్యాన్ యాన్యువల్ చదివారా? డేనియల్ వారెన్ జాన్సన్ చేసింది, అబ్సల్యూట్‌దే. అందులో జాత్యహంకారుల ముఠాని బ్యాట్‌మ్యాన్ ఉతికి ఆరేస్తాడు. హింస దండిగా ఉంది, కానీ మనసుకి పట్టేది అది ఒక్కటే కాదు. బేన్ కథ పక్కన పెట్టుకుని చదవండి.

మార్వెల్ వాళ్ల డెడ్‌పూల్, బ్యాట్‌మ్యాన్ కలిసి రెండు కంపెనీల నుంచీ చెరో ఇష్యూ వచ్చింది కదా, అది ఎవరూ ఎత్తలేదే?

---

కారందోసె | శుక్రవారం ఉదయం 8:31

ఎత్తడానికి ఏముందక్కా. నవ్వాను, మూసేశాను. మార్వెల్ దాంట్లో గ్రెగ్ కపుల్లో బొమ్మలకి మాత్రం డబ్బులిచ్చినందుకు బాధ లేదు.

బాధంతా పార్సిల్ గురించి. నేను తెప్పించిన పుస్తకం మూలలు అప్పడంలా నలిగి వచ్చింది. పంపినవాళ్లకి ఫోటో పెడితే "చదవడానికి ఇబ్బంది లేదు కదా" అన్నారు. ఇడ్లీ కింద పడినా తినడానికి ఇబ్బంది లేదు కదా మరి.

---

ఒంగోలుగిత్త | శుక్రవారం మధ్యాహ్నం 12:50

ఆ కూలీ సూపర్‌మ్యాన్ పుస్తకం ఎంత? మా పిల్లోడు అడుగుతున్నాడు. (నాకు కాదు.)

---

గెలాక్సీరాయి | శుక్రవారం మధ్యాహ్నం 1:15

గిత్తన్నా, కొనొద్దు. నా దగ్గరుంది, వచ్చే వారం ఒంగోలు వస్తున్నా, ఇస్తా. పిల్లోడు చదివాక నువ్వు కూడా దొంగచాటుగా చదువు.

---

కొత్తగా వచ్చా | శుక్రవారం సాయంత్రం 4:40

అందరివీ చదివాను. నాకు ఇంజనీర్ బ్యాట్‌మ్యాన్‌తో మొదలుపెట్టాలని ఉంది. మొదటి పుస్తకంలో ఎన్ని ఇష్యూలుంటాయి? లైబ్రరీలో అడిగితే పోటీపరీక్షల పుస్తకాలు చూపించారు.

---

పెన్నాగట్టు | శుక్రవారం సాయంత్రం 5:30

మొదటి పుస్తకంలో 1 నుంచి 6 దాకా ఉంటాయి తమ్ముడూ. నా దగ్గర టాబ్‌లోనే కాకుండా పుస్తకం కూడా ఉంది. సోమవారం పని మీద ఒంగోలు పోతున్నా, సాయంత్రం పినాకినిలో. కావలి స్టేషన్‌లో నిలబడు. బండి ఆగేది కాసేపే, నేను తలుపు దగ్గరే ఉంటా. నీలం చొక్కా. అట్ట వేసి ఇస్తున్నా, మడత పెట్టకు, దాని మీద టీ గ్లాసు పెట్టకు.

---

పలక బలపం | శుక్రవారం రాత్రి 9:00

రెండో సగం దొరక్కుండా చెయ్యకండి పాపం. రెండో పుస్తకం కూడా సిద్ధంగా ఉంచండి.

---

కొత్తగా వచ్చా | మంగళవారం రాత్రి 11:48

పుస్తకం అందిందన్నా, చాలా థాంక్స్. ప్లాట్‌ఫారం మీద మిమ్మల్ని చూసి ఏం మాట్లాడాలో తెలియలేదు, సారీ. ఇంటికి రాగానే మొదలుపెట్టి ఇందాకే అయిపోయింది. అమ్మ మీద మీరు రాసింది నిజం. డంపర్ బండి కూడా సూపర్.

పేకాట నేస్తాలందరూ నచ్చారు. ముఖ్యంగా వేలన్. మా సీనియర్ ఒకడు అచ్చం అలాగే ఉంటాడు, చూడటానికి కొండలా, మనసు వెన్న. తర్వాత ఇష్యూల్లో కూడా వేలన్ ఉంటాడా? మీరు పైన రాసినవి చదవకుండా దాటేశాను, పుస్తకం అయ్యాక చదువుదామని.

---

వేదిక కాపలా | మంగళవారం రాత్రి 11:52

ఎవరూ సమాధానం చెప్పకండి.

---

పెన్నాగట్టు | మంగళవారం రాత్రి 11:55

ఉంటాడు తమ్ముడూ. పడుకో.